గుండెల్లో రైళ్ళు, అరికాలిలో మంట

పొద్దున్న ఎనిమిదింటికి హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుంటాను. టెక్సస్‌లో మా ఇంటి మేడ మీద చిన్న గది. వీధిలో గడ్డి కోసే మిషన్ చప్పుడు వినపడకుండా కిటికీకి మందపాటి దుప్పటి కట్టాను. ఫోన్ మోగుతుంది. అవతల ఒక డాక్టరో నర్సో ఉంటారు, వాళ్ళ పక్కన ఒక తెలుగు పెద్దాయనో పెద్దావిడో. కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వచ్చి ఉంటున్నవాళ్ళు. వాళ్ళ మాట నేను ఇంగ్లీషులో చెప్పాలి, డాక్టరు మాట తెలుగులో చెప్పాలి. ఆరేళ్ళుగా ఇదే నా ఉద్యోగం.

ఈ పనిలో మొదటి నియమం "నేను" అనడం. పెద్దాయన "నాకు మోకాలు నొప్పి" అంటే "ఆయనకు మోకాలు నొప్పట" అనకూడదు, "నాకు మోకాలు నొప్పి" అనే చెప్పాలి. రెండో నియమం, ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట వదలకూడదు. అర్థం కాకపోతే "ఇంటర్‌ప్రెటర్ వివరణ అడుగుతోంది" అని ఇద్దరికీ చెప్పి, అప్పుడు అడగాలి. నలభై గంటల శిక్షణలో ఇవన్నీ నేర్పారు. ఎముకల పేర్లు, మందుల పేర్లు, రక్తపరీక్షల పేర్లు బట్టీ పట్టాను. గుండెల్లో రైళ్ళు పరిగెడితే ఇంగ్లీషులో ఏమనాలో మాత్రం ఎవరూ నేర్పలేదు.

చేరిన మొదటి నెలలోనే ఆ రైలు వచ్చింది. (ఇక్కడ రాసేవాటిలో వయసులు, జబ్బులు, ఎవరికి ఎవరన్నది మార్చాను. వాళ్ళన్న మాటలు మాత్రం మార్చలేదు.) ఒక పెద్దాయన బయాప్సీ రిపోర్టు కోసం ఎదురుచూస్తున్నారు. ఎలా ఉన్నారని నర్సు అడిగింది. "ఎలా ఉంటానమ్మా, పొద్దుట్నించీ గుండెల్లో రైళ్ళు పరిగెడుతున్నాయి" అన్నారు. నా గుండె చాలా వేగంగా కొట్టుకుంటోంది అని నేను ఇంగ్లీషులో చెప్పాను. నర్సు వెంటనే నాడి చూసింది, ఈసీజీ మిషన్ తెప్పించింది. ఛాతీకి తీగలు అంటిస్తుంటే ఆయన వణికిపోయారు. "ఎందుకమ్మా ఇవన్నీ? రిపోర్టులో ఏదో వచ్చింది. నాకు చెప్పట్లేదు కదూ?" అని నన్నే అడిగారు. ఆ ప్రశ్నను కూడా నేను ఇంగ్లీషులోకి మార్చాల్సిందే, మార్చాను.

నర్సు తప్పేమీ లేదు. ఆ ఇంగ్లీషు మాట వింటే ఎవరైనా అదే చేస్తారు. ఆయన భయం గురించి చెప్తే, నేను దాన్ని గుండె వేగంగా మార్చాను.

ఆ రాత్రి నిద్ర పట్టక ఒక సంగతి ఆలోచించాను. మన దేశంలో ప్రయాణికుల రైలు మొదటిసారి నడిచింది 1853లో, బొంబాయి నుంచి ఠాణేకి. అంటే ఈ మాటకు అంతకుముందు పుట్టే వీలే లేదు. అప్పటిదాకా మన గుండె గుభేలుమనేది, ఝల్లుమనేది, జారిపోయేది. తర్వాత ఎవరో పట్టాల పక్కన నిలబడి, కాళ్ళ కింద నేల అదురుతుంటే, ఈ దడ నాకు తెలిసిందే అనుకుని ఉంటారు. ఆ మనిషెవరో తెలిస్తే దణ్ణం పెట్టాలనిపించింది.

రెండో తప్పు దీనికి సరిగ్గా తిరగేసి జరిగింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెమట పడుతుంది. ఒక పెద్దావిడ, భర్త పోయి ఆరు నెలలు. మామూలు చెకప్‌కి వచ్చారు. "ఈ మధ్య గుండె బరువుగా ఉంటోందమ్మా" అన్నారు. ఇంగ్లీషులో గుండె బరువెక్కిందంటే దిగులనే అర్థం వస్తుంది, జబ్బని రాదు. నేను ఆ మాటే వాడాను. డాక్టరు చాలా నెమ్మదిగా, అంత పెద్ద నష్టం తర్వాత అది మామూలేనని చెప్పి, కౌన్సెలర్ పేరు రాయబోయారు. పక్కన కోడలు ఉండబట్టి సరిపోయింది. "కాదండీ, నిజంగానే బరువుగా ఉంటోందట, మెట్లెక్కితే ఎక్కువవుతోందట" అని ఆ అమ్మాయే ఇంగ్లీషులో చెప్పింది. అరగంటలో పెద్దావిణ్ణి ఎమర్జెన్సీకి పంపారు. సమయానికి చేరారు, బాగున్నారు.

తెలుగులో గుండె అంటే లోపల కొట్టుకునేదీ గుండే, పైన కనిపించే ఛాతీ కూడా గుండే. గుండెలు బాదుకుంటాం, గుండెల మీద చెయ్యేసుకుని నిజం చెప్తాం, పెళ్ళి కావలసిన ఆడపిల్ల గుండెల మీద కుంపటి అంటాం. మనిషికి ఉన్నది ఒక్క గుండే అయినా మన మాటలో చాలాసార్లు బహువచనమే. అందుకే ఇప్పుడు ఎవరు గుండె అన్నా నేను ఆగి అడుగుతాను. చెయ్యి పెట్టి చూపించగలరా? నడిస్తే ఎక్కువవుతుందా, ఎవరైనా గుర్తొస్తే ఎక్కువవుతుందా? ఈ రెండో ప్రశ్న నేను వేసినప్పుడు చాలామంది ఒక్క క్షణం ఊరుకుంటారు.

మాది తణుకు దగ్గర పల్లెటూరు. మా నాయనమ్మకు గుండె ఉన్నది భయానికీ ధైర్యానికీ. ప్రేమకు కాదు. సినిమాలో హీరో ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని పాట అందుకుంటే "అతనికేమైందే, ఆయాసమా?" అని నిజంగానే అడిగేది. ప్రేమ ఆవిడకు కడుపులో ఉండేది. సెలవలకు మేం వెళ్తే గుమ్మంలోనే ఆపి, మొహం పుణికి "నిన్ను చూస్తే కడుపు నిండిపోయిందే" అనేది. నాన్న చిక్కిపోయి కనిపిస్తే ఆవిడ కడుపు తరుక్కుపోయేది. మేం చేసిన వెధవపనులన్నీ కడుపులో పెట్టుకునేది. మందు తెచ్చిచ్చిన పక్కింటి కుర్రాణ్ణి "నీ కడుపు చల్లగుండ" అని దీవించేది. అత్తల ఇళ్ళల్లో గొడవల గురించి నేను ఆరా తీస్తే "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది" అని నోరు కట్టేసుకునేది.

అన్నం దాచుకునేదీ, బిడ్డను దాచుకునేదీ, బయటికి చెప్పకూడని మాట దాచుకునేదీ ఆ ఒక్క చోటే. పొట్ట అన్నా అదే కదా అనుకుంటాం గానీ కాదు. పొట్ట పెరుగుతుంది, నవ్వితే చెక్కలవుతుంది, పొట్ట చేత పట్టుకుని ఊళ్ళు తిరుగుతాం. బిడ్డ మీద మమకారాన్ని ఎవరూ పొట్టతీపి అనరు, అది కడుపుతీపే. ఒకళ్ళని కడుపులో పెట్టుకుంటే కాపాడినట్టు, పొట్టన పెట్టుకుంటే చంపినట్టు. ఇంగ్లీషులో ఈ రెండింటికీ నా దగ్గరున్నది ఒకటే మాట. ఆ మాట వాడిన ప్రతిసారీ ఏదో పోగొట్టుకుంటున్నానని నాకు తెలుస్తూనే ఉంటుంది.

వరంగల్, కరీంనగర్ వైపు వాళ్ళ ఫోన్లు వస్తే నేను మళ్ళీ ఒకటో తరగతి. "పానం మంచిగ లేదు బిడ్డా" అని ఒకావిడ అన్నప్పుడు మొదటిసారి తడబడ్డాను. పానం అంటే ప్రాణం, అది నాకు తెలుసు. కానీ ప్రాణం బాగాలేకపోవడం ఏమిటి? వింటూ వింటూ తెలిసింది. ఆవిడ పానం అన్నది ఒళ్ళు, ఓపిక, మనసు మూడూ కలిసిన ఒక్క వస్తువును. "పానం గుంజుతున్నది" అన్నప్పుడు జ్వరమూ కావచ్చు, మనవరాలి మీద ఆరాటమూ కావచ్చు. మా గోదావరి వైపు బెంగ అంటే, వాళ్ళ వైపు రంది, మనాది. నేను విన్న వాడుకను బట్టి ఈ మూడూ ఒకటి కావు. బెంగకు పిల్లలకు జ్వరం వస్తుంది. రందికి నిద్ర పోతుంది. మనాదికి మనిషే పోతాడు.

మా ఇంటర్‌ప్రెటర్లం నెలకోసారి వీడియోలో కలుసుకుంటాం. ఎవరికి ఏ మాట అడ్డం పడిందో చెప్పుకుంటాం. నాకు ఈ ఉద్యోగంలో అన్నిటికంటే ఇష్టమైన గంట అది. ఫారసీ చెప్పే ఆవిడకు నాకున్న తలనొప్పే ఉందని అక్కడే తెలిసింది. మనకు హిందీ పాటల్లో తెలిసిన దిల్‌ను వాళ్ళు దెల్ అంటారు. అది గుండే, కడుపు కూడా. దెల్‌దర్ద్ అంటే అచ్చంగా కడుపునొప్పి. దెల్ ఇరుకైపోయిందంటే ఎవరి మీదో బెంగ. ఇండోనేషియా ఆయనకు ఇంకో రకం చిక్కు. వాళ్ళ భాషలో మనసు ఉండేది కాలేయంలో. హాతి అంటే కాలేయం. హాతికి నొప్పి కలిగితే ఎవరో మాటతో గాయపరిచారని, హాతి కిందుగా ఉంటే వినయమని, ముద్దుల బిడ్డ హాతికి కాసిన పండని. హాతి-హాతి అని రెండుసార్లంటే జాగ్రత్త అని. మరి నిజంగా కాలేయానికి జబ్బు చేస్తే? అందుకే ఆయన కూడా నాలాగే ఆగి, చెయ్యి పెట్టి చూపించమంటాడట.

మన పక్కింటి మలయాళంలోనూ అంతే. కరళ్ అంటే కాలేయం, ప్రేమగా పిలవాలంటే కరళే అంటారు. హిందీ తల్లికి బిడ్డ కలేజా ముక్క. హైదరాబాదులో జిగర్ అనని కుర్రాడు ఉండడు. మన తెలుగులో మాత్రం కార్జం మటన్ షాపులో తప్ప మాటల్లో కనపడదు. నాలుగు వైపులా కాలేయాలున్నా మనం కడుపునే పట్టుకుని ఎందుకు ఉండిపోయామో నాకు తెలుసుకోవాలని చాలా ఉంది.

కడుపు విషయంలో మనకు తోడుగా నిలబడింది, నేను అస్సలు ఊహించని చోటు. అరబ్బీ ఇంటర్‌ప్రెటర్ ఒకరోజు చెప్పింది. వాళ్ళ భాషలో దయకూ గర్భసంచికీ ఒకటే ధాతువు. రహ్మాన్, రహీమ్ అని మనం రోజూ వినే పేర్లలో ఉన్నది ఆ ధాతువే. హీబ్రూలో కూడా జాలి అనే మాట గర్భం నుంచే వచ్చిందట. తర్వాత ఒక ఆదివారం, మా వీధిలో ఉండే గుంటూరు ఆంటీ తెలుగు బైబిల్లో 16వ కీర్తన చదువుతుంటే "రాత్రిగడియలలో నా అంతరింద్రియము నాకు బోధించుచున్నది" అన్నచోట ఆపి, అంతరింద్రియమంటే ఏమిటని అడిగాను. మనసేగా అంది ఆవిడ. హీబ్రూ మూలంలో అక్కడున్న మాట మూత్రపిండాలు. రాత్రిపూట ఆ మనిషికి బుద్ధి చెప్పేవి అవే. వందేళ్ళకు పైబడిన ఆ అనువాదం చేసినవాళ్ళు ఈ మాట దగ్గర ఎంతసేపు ఆగి ఉంటారో నేను ఊహించగలను. తెలుగువాడికి మూత్రపిండాలు మాట్లాడవు. అలాగని గుండె అని రాస్తే అబద్ధం. లోపలెక్కడో ఉన్న ఇంద్రియం అని రాసి, చోటు మాత్రం చెప్పలేదు. నా వృత్తిలో ఇంత నిజాయితీగా తప్పించుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇక అసూయ. దక్షిణాదిలో దీని అడ్రసు దాదాపు ఒకటే. మనకు కడుపుమంట, తమిళంలో వయిట్రెరిచ్చల్, కన్నడంలో హొట్టెకిచ్చు, మూడూ కడుపులో నిప్పే. ఇది మన సొత్తనుకున్నాను. కొరియా ఆవిడ వాళ్ళ సామెత చెప్పింది: దాయాది పొలం కొంటే కడుపు నొప్పి పుడుతుంది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. సముద్రాలవతల, మనకు ఏ చుట్టరికమూ లేని భాషలో, దాయాది, పొలం, కడుపు మూడూ ఉన్నాయి! మనవాళ్ళు ఇంకో చోటు కూడా వాడతారు. పక్కింటివాళ్ళు మేడ కడితే మనకు కన్ను కుట్టింది అంటాం. హిందీవాళ్ళకు గుండె మీద పాము పొర్లుతుంది. సంతోషం దగ్గర మాత్రం మనమూ తమిళులూ కొంచెం విడిపోతాం. మంచి కబురు తెస్తే వాళ్ళ కడుపులో పాలు పోసినట్టు, మన నెత్తిన పాలు పోసినట్టు.

కడుపుమంటకు తెలుగులో ఇంకో అర్థం ఉంది, అది చిన్నది కాదు. అన్యాయం జరిగినవాళ్ళ బాధ కూడా కడుపుమంటే. "కడుపు మండి అంటున్నానమ్మా" అని ఒక పెద్దావిడ అంటే అందులో అసూయ రవ్వంత ఉండదు. నలభై ఏళ్ళు అందరికీ వండిపెట్టి, ఏనాడూ ఎదురు చెప్పక, ఇప్పుడు ఎవరూ మాట వినని మంట అది. కొరియాలో దీనికి జబ్బుగానే పేరుంది. హ్వాబ్యోంగ్ అంటారు, నిప్పుజబ్బు అని అర్థం. కోపాన్ని ఏళ్ళ తరబడి లోపలే అణుచుకున్నవాళ్ళకు, ముఖ్యంగా నడివయసు దాటిన ఆడవాళ్ళకు వస్తుందని చెప్తారు. ఒళ్ళంతా వేడి, ఛాతీలో ఏదో అడ్డుపడినట్టు, దడ. 1994లో అమెరికా మానసిక వైద్యుల రోగ నిర్ణయ పుస్తకం నాలుగో కూర్పులో దీని పేరు కూడా ఎక్కింది. ఆ లక్షణాల వరుస చదువుతుంటే నాకు మా నాయనమ్మ చెల్లెలు కనిపించింది. పొద్దస్తమానం తడిగుడ్డ గుండెల మీద వేసుకుని వరండాలో పడుకునేది. అందరూ వేడి చేసిందనేవాళ్ళు. మజ్జిగ ఇచ్చేవాళ్ళు. ఏం జరిగిందని అడిగినవాళ్ళు నాకు గుర్తు లేరు.

డాక్టర్ల దగ్గర దిగులును కొలిచే ప్రశ్నలు తొమ్మిది ఉంటాయి. గత రెండు వారాల్లో దిగులుగా, నిరాశగా అనిపించిందా, దేని మీదా ఆసక్తి లేకుండా పోయిందా, ఇలా. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కు. ఈ తొమ్మిదీ నేను వేలసార్లు తెలుగులో అడిగి ఉంటాను. మన పెద్దవాళ్ళు ఎక్కువమంది మొదటి రెండింటికీ "అబ్బే, అదేం లేదమ్మా" అంటారు. తొమ్మిదీ అయ్యాక, ఫోన్ పెట్టబోతుంటే, "కాకపోతే అరికాళ్ళ మంటలు, నడుం పట్టేస్తుంది, కడుపులో దేవినట్టుంటుంది, అన్నం సయించదు" అని మొదలుపెడతారు. ఆ రెండో మాట కూడా ఒక్క అక్షరం వదలకుండా చెప్పడం నా పని. చెప్తాను.

దీన్నే కొంతమంది చదువుకున్నవాళ్ళు, మనసు బాధను ఒంటి బాధగా చెప్పుకోవడం తూర్పుదేశాల వాళ్ళ అలవాటు అని తేల్చేస్తారు. 1980ల మొదట్లో ఆర్థర్ క్లైన్‌మన్ అనే వైద్యుడు చైనాలోని హునాన్‌లో, నరాల బలహీనత అని పేరు పెట్టిన 100 మంది రోగులను పరీక్షించాడు. తలనొప్పి, నీరసం, నిద్రలేమి అని వచ్చినవాళ్ళు. వాళ్ళలో 87 మందికి అమెరికా కొలతల ప్రకారం తీవ్రమైన డిప్రెషన్ ఉందని తేలింది. ఇది చదివి, చూశారా వాళ్ళు మనసు సంగతి ఒంటి మీదకు తోసేస్తారు అనేవాళ్ళున్నారు. నాకు ఈ మాట నచ్చదు. డిప్రెషన్ అనే మాటకే కిందికి నొక్కడమని అర్థం. దాన్ని మాత్రం ఎవరూ ఒంటి మాట అనరు, అలవాటైపోయింది కాబట్టి. మా పెద్దావిడ అరికాళ్ళు మండుతున్నాయంటే మాత్రం అది వింత అలవాటు.

అరికాలి దగ్గరికే వచ్చాను కాబట్టి ఇది చెప్పాలి. 2014లో ఫిన్లాండ్ శాస్త్రజ్ఞులు ఒక పని చేశారు. ఫిన్లాండ్, స్వీడన్, తైవాన్ దేశాల్లో మొత్తం 701 మందికి ఖాళీ మనిషి బొమ్మలిచ్చి, కోపం వస్తే ఒంట్లో ఎక్కడ చురుకు పుడుతుందో, దిగులొస్తే ఎక్కడ చచ్చుబడుతుందో రంగులు వెయ్యమన్నారు. కోపానికి తల, ఛాతీ, చేతులు ఎర్రబడ్డాయి. సంతోషానికి ఒళ్ళంతా వెలిగింది. దిగులుకు కాళ్ళూ చేతులూ నీలం. ఇది చదివిన వారంలోనే అమ్మ ఇండియా నుంచి వచ్చింది. మా అమ్మాయి రంగుపెన్సిళ్ళు తీసుకుని, కాగితం మీద మనిషి బొమ్మ గీసి, అమ్మ ముందు పెట్టాను. కోపం ఎక్కడో వెయ్యమ్మా అన్నాను. ఎరుపు తీసుకుంది. ఏమీ ఆలోచించలేదు. పాదం అడుగున మొదలుపెట్టి, కాలు మీదుగా, నడుం మీదుగా, మాడు దాకా ఒక్క గీత గీసింది. "అరికాలి మంట నెత్తికెక్కుతుంది కదే" అంది, అది కూడా తెలియదా అన్నట్టు.

ఆ గీతను చాలాకాలం ఒక మాట వేసిన బొమ్మనే అనుకున్నాను. ఆ ఫిన్లాండ్‌లోనే కొంతమంది 2024లో ఇంకో పరిశోధన ప్రచురించారు. ఈసారి రంగులు వేసినవాళ్ళు బతికి లేరు. ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో క్రీస్తుపూర్వం 934 నుంచి 612 దాకా మట్టిపలకల మీద రాసిన అక్కాడియన్ భాష, సుమారు పది లక్షల మాటలు. ఏ భావం పక్కన ఏ అవయవం పేరు వస్తోందో లెక్కగట్టారు. సంతోషం వాళ్ళకు కాలేయంలో. ప్రేమ కాలేయంలో, గుండెలో, మోకాళ్ళలో. కోపం ఎక్కడో తెలుసా? పాదాల్లో.

అది చదివి అమ్మకు ఫోన్ చేశాను. అప్పటికి తణుకు వెళ్ళిపోయింది, అక్కడ తెల్లవారుజాము. మట్టిపలకల సంగతి చెప్తే ఆశ్చర్యపోలేదు. "మరి కోపమొస్తే ముందు కాలే కదే నేలకేసి కొట్టేది" అంది. జపాన్ భాషలో కోపం కడుపులో లేచి, ఛాతీకి పాకి, ఆపుకోలేకపోతే తలకెక్కుతుందని మా జపనీస్ ఇంటర్‌ప్రెటర్ చెప్పిన మాట కూడా అమ్మకు చెప్పాను. "వాళ్ళకు దగ్గర దారి" అంది అమ్మ. నిజమే, తెలుగు కోపం చాలా దూరం నడిచి వస్తుంది. అది మోకాళ్ళ దాకా వచ్చినప్పుడే ఎవరైనా పట్టించుకుంటే బాగుండని నాకు ఫోన్లో చాలాసార్లు అనిపిస్తుంది.

ఆ రోజు అమ్మ గీసిన కాగితం మీద ఇంకో రంగు కూడా ఉంది. బెంగ ఎక్కడ అని అడిగితే చాలాసేపు పెన్సిళ్ళు వెతికింది. చివరికి పసుపు తీసి కడుపులో బొడ్డు చుట్టూ చిన్న గుండ్రం వేసి, దాంట్లోంచి ఒక గీతను కాగితం అంచు దాకా లాగింది. ఇదేమిటంటే, "నువ్విక్కడున్నావుగా" అంది. ఆ కాగితం నా డెస్కు మీద, అద్దం కింద ఉంది.

పేగు అంటారు మనవాళ్ళు దాన్ని. పేగుబంధం, పేగు తెంచుకుని పుట్టినవాడు. కన్నడంలో బిడ్డను కరుళ కుడి అంటారు, అంటే పేగు చిగురు. మాండరిన్ ఇంటర్‌ప్రెటర్ ఒక పాత చైనా కథ చెప్పాడు. నాలుగో శతాబ్దంలో ఒక సేనాని పడవల మీద యాంగ్జీ నది కనుమల్లోంచి వెళ్తుంటే, అతని మనిషొకడు కోతిపిల్లను పట్టుకున్నాడు. తల్లి కోతి ఏడుస్తూ గట్టు వెంట ఎంతో దూరం పరిగెత్తి, చివరికి పడవలోకి దూకి, ప్రాణం వదిలింది. దాని కడుపు కోసి చూస్తే పేగులు ముక్కలు ముక్కలుగా తెగిపోయి ఉన్నాయి. సేనాని ఆ మనిషిని కొలువు నుంచి తీసేశాడట. చైనీస్‌లో పేగు తెగడమంటే ఇప్పటికీ ఓర్చుకోలేని దుఃఖమే. అతను కథ ముగించాక మా వీడియోలో ఎవరూ కాసేపు మాట్లాడలేదు. నేను మాత్రం అప్పుడు ఒక ఫోన్‌కాల్‌ను తలుచుకుంటున్నాను.

కొత్త పేషెంటు. పెద్దావిడ. డాక్టరు మొదటిసారి చూస్తున్నారు కాబట్టి వరసగా ప్రశ్నలు. షుగరుందా, బీపీ ఉందా, ఏ మందైనా పడదా. ఆవిడ గొంతు చిన్నది, జవాబులు చిన్నవి. వెనక కీబోర్డు టకటకలాడుతోంది. ఆపరేషన్లు ఏమైనా అయ్యాయా అని డాక్టరు అడిగారు. తెలుగులో అడిగాను.

"ఏ కోతలూ లేవు తల్లీ. ఒక్క కడుపుకోతే" అంది.

ఆ మాటను ముక్కకు ముక్క ఇంగ్లీషు చేస్తే సిజేరియన్ అవుతుంది. డాక్టరు టైపు చేసుకుని, ఏ సంవత్సరం, కుట్లు బాగా మానాయా అని తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోతారు. నేను ఆగాను. ఫోన్లో మూడు సెకన్లంటే చాలా పెద్ద కాలం. లైన్లో ఉన్నారా అని డాక్టరు అడిగారు. ఇంటర్‌ప్రెటర్ వివరణ అడుగుతోందని చెప్పి, "అమ్మా, కడుపుకోత అన్నారు. బిడ్డ గురించేనా?" అన్నాను.

"అవునమ్మా. ఏడేళ్ళవాడు. చెరువులో."

నియమం ప్రకారమే చెప్పాను. నాకు ఆపరేషన్లేవీ కాలేదు. నా కొడుకొకడు ఏడేళ్ళప్పుడు చెరువులో మునిగి చనిపోయాడు. ఆరేళ్ళలో "నేను" అనడం నాకు అంత కష్టమైంది ఆ ఒక్కసారే. తర్వాత, ఇది ఇంటర్‌ప్రెటర్ మాట అని చెప్పి, ఆవిడ వాడిన పదానికి కడుపును కోయడమని అర్థమని, బిడ్డ పోయిన తల్లి గురించే దాన్ని వాడతారని, మీరు అడిగిన ప్రశ్నకు ఆవిడ జవాబుగానే అన్నారని చెప్పాను.

కీబోర్డు ఆగిపోయింది. బాబు పేరేమిటని డాక్టరు అడిగారు. ఆవిడ చెప్పింది. తెలుగులో మూడక్షరాల పేరు. ఎలా రాయాలో చెప్పమన్నారు. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే చెప్పాను, ఆయన ఒక్కొక్కటే కొట్టారు. ఆవిడకు ఇంగ్లీషు రాదు గానీ ఏం జరుగుతోందో తెలిసిపోయింది.

"రాసుకున్నారా?" అంది.

రాసుకున్నారా అని నేను ఇంగ్లీషులో అడిగాను. రాసుకున్నానన్నారు. తెలుగులో చెప్పాను. కాసేపటికి కీబోర్డు మళ్ళీ మొదలైంది. తర్వాతి ప్రశ్న, చుట్ట గానీ సిగరెట్టు గానీ తాగే అలవాటు ఉందా అని.